గుర్రాలు లేని దండుతో కొల్లగొట్టడం: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ర్యామ్ రెయిడ్‌కు పథకం

ఊరు కట్టి, సైన్యం పెంచి ఎదుటివాడితో తలపడే కంప్యూటర్ ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. దీన్ని ఆడేవారికి రెయిడ్ (ఎదుటివాడి ఊరి మీద పడి కొల్లగొట్టి మళ్ళే దాడి) అనగానే గుర్రాలే గుర్తుకొస్తాయి. హనుమకొండ, కాజీపేట హాస్టళ్ళలో ల్యాన్ మీద ఆడేవారిని అడిగినా ఫ్రాంక్స్ జాతి నైట్ల (కవచం తొడిగిన గుర్రపు బంట్ల) గురించో, మంగోల్స్ గుర్రపు దండు గురించో చెబుతారు. ఎదుటి ఆటగాడికి కూడా ఆ సంగతి తెలుసు గనుక, ఆటలోని నాలుగు యుగాలలో మూడవదైన క్యాజిల్ ఏజ్‌కు చేరేసరికి నలుగురైదుగురు బరిసెవాళ్ళను సిద్ధం చేసుకొని, పొలాల చుట్టూ ఇళ్ళతో, కంచెలతో సందులు మూసేసి కూర్చుంటాడు. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి అతడు మూయని దారిలో వెళుతుంది. కోటలు, గోడలు బద్దలుకొట్టడానికి వాడే ర్యామ్‌లలో కాలిబంట్లను ఎక్కించి, విలేజర్లు (సరుకు తెచ్చే పనివాళ్ళు) పనిచేసుకునే చోట దించడమే ఈ పథకం. 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌లో, అరేబియా వంటి తెరిపి మ్యాప్ మీద, ఒకరితో ఒకరు ఆడే ఆటను దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను. అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా కొన్ని ధరలు మారుతుంటాయి కాబట్టి, ఇక్కడి అంకెలను మీ తెర మీద కనిపించే అంకెలతో ఒకసారి పోల్చుకోండి.

ముందు లెక్క తేల్చుకోండి

ఈ ఆటలో మామూలుగా ఒక విలేజర్‌ను చంపితే మీ ఖజానాలోకి పైసా కూడా రాదు. ఇల్లు కూల్చినా, కలప క్యాంపు తగలబెట్టినా మీకు దక్కేది సున్నా. అంటే ఇక్కడ కొల్లగొట్టేది ధనాన్ని కాదు, ఎదుటివాడి సమయాన్ని. ఈ మాట మనసులో నాటుకోనిదే పథకం వేయడానికి కూర్చోకండి; ఎందుకంటే దండును ఎక్కడ దించాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు వెనక్కి తీయాలి అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు ఇందులోనే ఉంది.

ఒక విలేజర్ ఏ పని చేసినా నిమిషానికి సుమారు 20 యూనిట్ల సరుకు తెస్తాడు. కలప కొట్టే 12 మంది మీ దండును చూసి పరుగెత్తి, ఒక నిమిషంపాటు టౌన్ సెంటర్‌లో (విలేజర్లు తయారయ్యే ఊరి ప్రధాన భవనంలో) తలదాచుకుంటే, ఒక్కరు కూడా చావకపోయినా ఎదుటివాడు దాదాపు 240 కలప పోగొట్టుకున్నట్టే. వారిలో నలుగురిని చంపగలిగితే, ఆ నలుగురిని తిరిగి తయారు చేయడానికి 200 ఆహారం, మనిషికి 25 సెకన్ల చొప్పున 100 సెకన్ల టౌన్ సెంటర్ సమయం పడుతుంది. ఆ నలుగురు ఆట చివరిదాకా తేవలసిన సరుకు వేరే లెక్క. మీ పక్క ఖర్చును ఈ లెక్కతో పోల్చి చూసుకుంటేనే రెయిడ్ గిట్టిందో లేదో తెలుస్తుంది. స్కోరు బోర్డులో చంపినవారి సంఖ్య చూసి సంబరపడేవారు ఈ లెక్క వేయరు.

రెయిడ్‌కూ ఆక్రమణకూ ఉన్న తేడాను వరంగల్ వాళ్ళకు విడమరచి చెప్పవలసిన పని లేదు. 1309–10లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించి, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి నుంచి ధనం, ఏనుగులు, గుర్రాలు తీసుకొని, కప్పం కట్టే ఒప్పందం చేసుకొని ఢిల్లీకి తిరిగి వెళ్ళాడే గాని ఇక్కడ ఉండి ఏలలేదు. కాకతీయ రాజ్యం కూలింది 1323లో, మరొక దండయాత్రలో. మీ మొదటి దండు కూడా కాఫూర్ దండులాగానే వచ్చిన పని చూసుకొని మళ్ళాలి. టౌన్ సెంటర్ కూలిపోయేటట్టు కనిపిస్తున్నది కదా అని అక్కడే నిలబడిపోతే పథకం చెడుతుంది.

ఏ జాతిని ఎంచుకోవాలి

మనకు దగ్గరివాళ్ళు అన్న అభిమానంతో చాలామంది ద్రవిడియన్స్‌ను ఎంచుకోవాలనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చినప్పటి నుంచి మన హాస్టళ్ళలో ఆ జాతికి గిరాకీ ఎక్కువే, కాలిబలం కూడా గట్టిదే. కానీ ఆ జాతికి ర్యామ్‌లు లేవు. వాటి స్థానంలో ఆర్మర్డ్ ఎలిఫెంట్లు ఉంటాయి. ఆ ఏనుగుల్లోకి బంట్లను ఎక్కించే వీలు లేదు. కాబట్టి ఈ పథకానికి వారు పనికిరారు.

నా మటుకు నేను సెల్ట్స్‌ను సిఫారసు చేస్తాను. వారి కాలిబంట్లు 15 శాతం వేగంగా నడుస్తారు, కలప కొట్టే విలేజర్లు 15 శాతం వేగంగా పనిచేస్తారు, సీజ్ (ముట్టడి) యంత్రాలు 25 శాతం వేగంగా దెబ్బ తీస్తాయి. ఈ మూడూ మన పథకానికి నేరుగా ఉపయోగపడతాయి. వారి ప్రత్యేక బంటైన వోడ్ రైడర్ పేరులోనే రెయిడ్ ఉన్నా, అతని కోసం 650 రాయి పోసి క్యాజిల్ కట్టేదాకా ఆగడం మొదటి దాడికి దండగ. సెల్ట్స్ నచ్చనివారు గోత్స్‌తోనో, స్లావ్స్‌తోనో ప్రయత్నించవచ్చు.

క్యాజిల్ ఏజ్ దాకా

ఈ దశను గురించి ఎక్కువ చెప్పను. మామూలుగా వేగంగా క్యాజిల్ ఏజ్‌కు వెళ్ళే పద్ధతి మీకు ఇప్పటికే వచ్చి ఉండాలి. 27 మంది విలేజర్ల దగ్గర రెండవ యుగమైన ఫ్యూడల్ ఏజ్ నొక్కి, అక్కడ కొట్టం (బ్లాక్‌స్మిత్‌కు మా ల్యాన్ ఆటల్లో స్థిరపడిన మాట), మార్కెట్ కట్టి, 800 ఆహారం, 200 బంగారం కూడగానే క్యాజిల్ ఏజ్‌కు బయలుదేరండి. ర్యామ్‌లు తయారయ్యే సీజ్ వర్క్‌షాప్ కట్టాలంటే కొట్టం ఉండి తీరాలి కాబట్టి, ఆ రెండు భవనాలలో ఒకటి కొట్టమే కావాలి.

క్యాజిల్ ఏజ్‌కు మారడానికి పట్టే 160 సెకన్లలోనే బ్యారక్స్ లేచి ఉండాలి. అందులో నుంచి ముందుగా బరిసెవాళ్ళను తీయండి. ఒక్కొక్కరికి 35 ఆహారం, 25 కలప చాలు, బంగారం అక్కరలేదు. మారిన వెంటనే 200 కలపతో సీజ్ వర్క్‌షాప్ మొదలుపెట్టి, అది లేచే లోపు కత్తి బంట్లను లాంగ్ స్వోర్డ్స్‌మన్ స్థాయికి తీసుకురండి. ఒక్కొక్క ర్యామ్‌కు 160 కలప, 75 బంగారం పడుతుంది. మూడు ర్యామ్‌లకు 480 కలప, 225 బంగారం సిద్ధం చేసుకోవాలి. అదే సమయంలో రెండవ టౌన్ సెంటర్‌కు 275 కలప, 100 రాయి కావాలి. ఈ రెండింటిలో ఏది ముందన్న సందేహం వస్తే టౌన్ సెంటరే ముందు. ఇంట్లో విలేజర్ల ఉత్పత్తి ఆపి చేసే రెయిడ్ ఎంత బాగా సాగినా, చివరికి లెక్క సమం కావడమే మిగులుతుంది.

దండు కూర్పు

ఒక ర్యామ్‌లో నలుగురు కాలిబంట్లు పడతారు. మూడింటిలో పన్నెండు మంది. వారిలో ఎనిమిది మంది కత్తి బంట్లు, నలుగురు బరిసెవాళ్ళు ఉండాలి. ఒక ర్యామ్ నిండా బరిసెవాళ్ళను, మిగతా రెంటిలో కత్తి బంట్లను నింపకుండా, ఒక్కొక్క దానిలో కనీసం ఒక బరిసెవాడు ఉండేటట్టు కలిపి ఎక్కించండి. ర్యామ్‌కు బాణాలు దాదాపు తగలనట్టే. కానీ కత్తి దెబ్బకు అది నిలవదు. ఎదుటివాడు ర్యామ్‌లను చూడగానే నైట్లనే పంపుతాడు. ఏ ర్యామ్ మీద నైట్లు పడ్డా, దానిలో నుంచే బరిసె బయటికి రావాలి.

ర్యామ్ వల్ల ఇంకో రెండు లాభాలున్నాయి. లోపల బంట్లు ఉన్నప్పుడు అది ఖాళీగా ఉన్నప్పటికంటే వేగంగా కదులుతుంది, భవనాల మీద దెబ్బ కూడా పెరుగుతుంది. రెండవది, ఎదుటివాడు రిడెంప్షన్ పరిశోధన చేయకపోతే అతని మాంకులు (శత్రువులను తమ పక్షానికి మార్చే సన్యాసులు) ర్యామ్‌ను తమ వైపు తిప్పుకోలేరు. లోపల ఉన్నంతసేపు మీ బంట్లు కూడా మాంకుల నుంచి క్షేమం. ర్యామ్ కూలినా లోపలివాళ్ళు చావరు, బయటికి వచ్చి నిలబడతారు.

లక్ష్యాన్ని వెతకడం

మొదటి నుంచి మీ దగ్గర ఉన్న స్కౌట్‌ను (చుట్టుపక్కల చూసి వచ్చే గుర్రపు బంటును) ఫ్యూడల్ ఏజ్‌లో ఏ పోరులోనూ పోగొట్టుకోకండి; ఇప్పుడు అతనితో పని ఉంది. ఎదుటివాడి ఊరు చుట్టూ దూరంగా ఒక చుట్టు తిప్పి మూడు సంగతులు చూడండి. కలప క్యాంపులు ఎక్కడున్నాయి, బంగారం గని టౌన్ సెంటర్‌కు ఎంత దూరంలో ఉంది, గోడలు ఎటువైపు లేవు. టౌన్ సెంటర్ బాణాల దూరం మొదట 6 గడులు. ఎదుటివాడు కొట్టంలో బాణాల పరిశోధనలు చేసుకుంటూ పోతే అది పెరుగుతుంది. కాబట్టి టౌన్ సెంటర్‌కు పది గడులకు ఆవల ఉన్న పనిచోటునే ఎంచుకోండి.

కలపా బంగారమా అన్నది ఎదుటివాడి సైన్యాన్ని బట్టి తేలుతుంది. నైట్లు చేసేవాడికి ఆహారం, బంగారం ప్రాణం. క్రాస్‌బో చేసేవాడికి కలప, బంగారం ప్రాణం. రెండు సందర్భాల్లోనూ బంగారం గని మంచి లక్ష్యమే అయినా, నేను మొదటి దాడికి కలప క్యాంపునే ఇష్టపడతాను. అక్కడ ఎక్కువమంది ఒకేచోట ఉంటారు, వారి వెనుక చెట్లు గోడలా అడ్డు నిలుస్తాయి, పారిపోయే దారి ఒకటే ఉంటుంది. క్యాజిల్ ఏజ్‌లో కొత్త టౌన్ సెంటర్లు, కొత్త పొలాలు అన్నీ కలపతోనే లేవాలి కదా. ఆ సమయంలో కలప ఆగితే దెబ్బ అన్ని పక్కలా తెలుస్తుంది.

నడక

ర్యామ్ నెమ్మదిగా కదులుతుంది. బంట్లు ఉన్నా గుర్రంతో పోల్చదగిన వేగం కాదు. అందుకే దారిని ముందే గీయాలి. మూడు ర్యామ్‌లను ఒక గ్రూపు నంబరు కింద పెట్టి, షిఫ్ట్ నొక్కి పట్టుకొని మ్యాప్ అంచు వెంబడి మలుపు మలుపుకు గురి పెట్టుకుంటూ పోండి. మ్యాప్ నడుమ నుంచి పోవడం దగ్గరి దారే గాని, ఎదుటివాడి స్కౌటూ గొర్రెలూ కాపలా కాసేది అక్కడే. గొర్రెలను కోసుకు తినకుండా అక్కడక్కడ నిలబెట్టి కాపలాకు వాడుకునే గట్టి ఆటగాళ్ళు చాలామందే ఉన్నారు.

నడక సాగేంతసేపు మీరు చేయవలసిన పని ఇంట్లో ఉంది. రెండు టౌన్ సెంటర్లలోనూ నలుగురేసి విలేజర్లను వరుసలో పెట్టండి. వారికి సరిపడా ఇళ్ళు కట్టించండి. ఒక్కొక్క ఇల్లు 25 కలపకు 5 గురికి చోటిస్తుంది. మిల్లులో పొలాలు తమంతట తామే తిరిగి విత్తుకునే మీటను ఆన్ చేయండి. దండు దిగిన తరువాత ఇరవై ముప్పై సెకన్లపాటు మీ కళ్ళు ఇంటివైపు తిరగవు. ఆ వ్యవధిలో ఊరు తన పని తాను చూసుకునేటట్టు ముందే ఏర్పాటు చేయాలి.

దింపడం

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. విలేజర్లు కనిపించగానే చెట్ల పక్కన దించేస్తే, వారు మీకు ఎదురుగా ఉన్న తెరిపి దారిన టౌన్ సెంటర్‌లోకి చేరిపోతారు. మీ బంట్లు వారి వెంటపడి బాణాల కింద చస్తారు. అలా కాకుండా, ర్యామ్‌లను కలప క్యాంపుకూ టౌన్ సెంటర్‌కూ మధ్యకు తీసుకురండి. అవి కనిపించినా ఎదుటివాడు కంగారుపడడు; ర్యామ్ విలేజర్‌ను తరమదని అతనికి తెలుసు. అవి భవనం కూల్చడానికే వచ్చాయనుకొని, నైట్లను పిలుచుకుందామనో, ఐదారుగురు విలేజర్లతో కొట్టించి కూలగొడదామనో చూస్తాడు. ఆ నమ్మకం మీద ఆధారపడే ఈ పథకం నడుస్తుంది.

మధ్యకు చేరగానే రెండు ర్యామ్‌లను ఖాళీ చేయండి. మూడవదాన్ని నింపే ఉంచి టౌన్ సెంటర్ వైపో, దగ్గరలోని ఇంటివైపో నడిపించండి. దిగిన ఎనిమిది మందిని సగం చేసి, నలుగురిని క్యాంపు ఎడమ చివరికి, నలుగురిని కుడి చివరికి పంపండి. వెనుక చెట్లు, రెండు పక్కలా కత్తులు. విలేజర్లకు మిగిలేది మీరు వదిలిన నడిమి సందు ఒక్కటే, అది కూడా మీ ర్యామ్‌ల పక్క నుంచే పోతుంది. బంట్లను దూకుడు వైఖరిలో ఉంచకండి. డిఫెన్సివ్ వైఖరిలో ఉంటే కొంత దూరం పోయి ఆగి వెనక్కి వస్తారు, లేదంటే తరుముకుంటూ టౌన్ సెంటర్ గోడదాకా పోయి చస్తారు. దాడిని వారికే వదిలేయకుండా, ఒక్కొక్క విలేజర్‌ను మీరే ఎంచి ఇద్దరిద్దరిని మీదికి పంపితే నలుగురు కొద్దికొద్దిగా గాయపడడానికి బదులు ఇద్దరు పూర్తిగా చస్తారు.

మూడవ ర్యామ్ పని ఎదుటివాణ్ణి ఇరకాటంలో పెట్టడం. టౌన్ సెంటర్‌లోకి విలేజర్లను ఎక్కిస్తే (అందులో 15 మంది పడతారు, బాణాలు పెరుగుతాయి) ర్యామ్‌కు వాటితో వచ్చే నష్టం లేదు, వారి పని మాత్రం ఆగిపోతుంది. బయటికి వచ్చి ర్యామ్‌ను కొట్టడం మొదలుపెడితే, అందులో మిగిలిన నలుగురు దిగుతారు. ఏది చేసినా మీకు లాభమే కాబట్టి ఆ ర్యామ్ చివరికి కూలిపోయినా విచారించకండి.

నెట్ మీద ఆడేవారికి ఒక జాగ్రత్త. పింగ్ (నెట్ మీద సంకేతం చేరడానికి పట్టే సమయం) ఎక్కువగా ఉన్నప్పుడు అన్‌లోడ్ నొక్కిన మాట ఆటకు చేరడానికి క్షణకాలం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి కంగారుపడి మళ్ళీ మళ్ళీ నొక్కకండి. ఒకసారి నొక్కి, బంట్లు కనిపించాకే తరువాతి ఆజ్ఞ ఇవ్వండి. ల్యాన్ మీద ఈ బాధ ఉండదు.

వెనక్కి తీయడం, మళ్ళీ వెళ్ళడం

నైట్లు మూడింటికి మించి కనిపించగానే, లేదా విలేజర్లు అందరూ లోపలికి చేరిపోగానే ఆ చోట పని అయిపోయినట్టే. బతికినవాళ్ళను దగ్గరలోని ర్యామ్‌లోకి ఎక్కించి, వచ్చిన దారిన కాకుండా ముందే గీసుకున్న రెండవ లక్ష్యంవైపు, అంటే బంగారం గని వైపు నడిపించండి. నైట్లు వెంబడిస్తే బరిసెవాళ్ళు దిగి నిలబడాలి. వారు చావడం ఖాయమే అనుకోండి. 35 ఆహారం, 25 కలప పెట్టిన బంటు ఒక నైట్‌ను ఆపినా చాలు.

అదే సమయంలో ఇంటి దగ్గర మిగిలిన స్కౌట్‌ను ఎదుటివాడి ఊరికి రెండవ పక్క నుంచి పొలాల్లోకి పంపండి. అతనితో ఎవరినీ చంపనక్కరలేదు. హెచ్చరిక బాకా రెండు చోట్ల మోగితే ఎదుటివాడి చూపు రెండు చోట్లకు చెదురుతుంది. 1323కు ముందు ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ ఓరుగల్లును మొదటిసారి ముట్టడించినప్పుడు ఢిల్లీ నుంచి కబుర్లు ఆగిపోయి, సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి, అతని సైన్యం చెల్లాచెదురైంది. మన మట్టికోట, రాతికోట, వాటి చుట్టూ ఉన్న కందకం ఎంత గట్టివో ఖిలా వరంగల్‌లో తిరిగినవారికి తెలుసు. కానీ ఆసారి శత్రువును వెనక్కి మళ్ళించడంలో ఆ పుకారుకూ పెద్ద పాత్రే ఉంది. ఆటలోనూ ఎదుటివాణ్ణి గందరగోళంలో పెట్టడం రెయిడ్‌లో సగం పని.

రెండవ దాడికి ర్యామ్‌లను మళ్ళీ ఇంటి నుంచి నడిపించకుండా, ఇద్దరు విలేజర్లను పంపి ఎదుటివాడి కలప అడవి వెనుక ఒక బ్యారక్స్ కట్టించడం మంచిది. అక్కడ నుంచి బరిసెవాళ్ళు రోజుకూలీల్లా వచ్చి దాడిలో కలుస్తారు. ఇంపీరియల్ ఏజ్‌కు వెళ్ళేలోగా ఎదుటివాడు రెలిక్‌లు (మఠంలో ఉంచితే బంగారం ఇచ్చే పవిత్ర వస్తువులు) కూడబెట్టి ఉంటే మాంక్‌ల మఠాన్ని లక్ష్యం చేసుకోండి. ఒక్కొక్క రెలిక్ నిమిషానికి 30 బంగారం ఇస్తుంది, మఠాన్ని కూలిస్తే అవన్నీ బయటపడతాయి. ఆ పని ర్యామ్ కంటే వేగంగా చేసేది ఈ దండులో ఏదీ లేదు.

ఎప్పుడు మానుకోవాలి

ఎదుటివాడి దగ్గర రాళ్ళు విసిరే యంత్రమైన మాంగొనెల్ కనిపిస్తే ర్యామ్ నుంచి బంట్లను ఒకేచోట కుప్పగా దించకండి. ఒక్క రాయి దెబ్బ ఎనిమిది మందికీ తగులుతుంది. అతడు ఊరి చుట్టూ రాతిగోడ పూర్తిగా కట్టుకొని ఉంటే, గోడ బద్దలుకొట్టేలోపే అతనికి సంగతి తెలుస్తుంది. అప్పుడు ఈ పథకాన్ని పక్కనపెట్టి అదే ర్యామ్‌లతో మామూలు ముట్టడి చేయండి. నలుగురితో నలుగురు ఆడే జట్టు ఆటల్లో, జట్టులో ఒకరు గుర్రాలు చేస్తుంటే మీ దాడిని వారి దాడికి అరనిమిషం తరువాత పెట్టుకోవాలి. అంతకంటే ముందు పోతే ఎదుటి జట్టు నలుగురి నైట్లూ మీ మీదికే వస్తాయి.

సాధనకు కంప్యూటర్‌తో ఆడుకోవచ్చు. షిఫ్ట్‌తో దారి గీయడం, ర్యామ్ ఖాళీ చేయడం, దండును రెండుగా చీల్చడం వేళ్ళకు అలవాటవుతాయి. కానీ కంప్యూటర్ మనిషిలా భయపడదు, మోసపోదు కాబట్టి పథకం పనిచేసిందో లేదో దాని మీద తేల్చకండి. మనుషులతో ఆడిన ప్రతి ఆటా రికార్డ్ అవుతుంది. దాన్ని తెరిచి, ముందుగా ఎదుటివాడి వైపు నుంచి, దండు దిగిన క్షణం నుంచి రెండు నిమిషాలు చూడండి; కలప క్యాంపు దగ్గర ఎంతమంది ఎంతసేపు ఖాళీగా నిలబడ్డారో లెక్కపెట్టండి. తరువాత అవే రెండు నిమిషాలు మీ వైపు నుంచి చూసి, మీ టౌన్ సెంటర్లు ఎన్ని సెకన్లు విలేజర్లను తయారు చేయకుండా ఊరుకున్నాయో చూడండి. రెండవ అంకె మొదటిదాన్ని మింగేస్తుంటే, తరువాతి ఆటలో మూడు ర్యామ్‌లకు బదులు రెండింటితో మొదలుపెట్టండి.